నాలుగు సిలిండర్ల కారు ఇంజన్ – లోపల ఏముంటది, ఎట్ల బిగిస్తరు?



మన గోడపత్రికలో ప్రతిసారి కథలు, పొడుపుకథలు, ముగ్గులు, సూక్తులు వస్తున్నయి. ఈసారి సైన్సు శీర్షిక నాకు ఇచ్చిండ్రు. నేను కారు ఇంజన్ గురించి రాస్తున్న. మనలో చాలామందిమి ఏజెన్సీ ఊర్ల నుంచి వచ్చినం. సెలవులకు ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా బస్సుల, జీపుల పోతం. మేడారం జాతరప్పుడు ఆ రోడ్డు మీద ఎన్ని బండ్లు పోతయో మీకు తెలుసు. కాని బానెట్ మూత కింద ఏం జరుగుతదో మనకు ఎవరూ చెప్పరు. మా ఇంట్లో కోయ భాష మాట్లాడుతం. అందులో కూడా ఇంజన్‌ను ఇంజన్ అనే అంటం. పేరు ఒక్కటి తెలిస్తే చాలదు, పని కూడా తెలియాలె.

మా చిన్నమామ వరంగల్ ఆటోనగర్‌ల ఒక షెడ్డుల పనిచేస్తడు. దసరా సెలవుల్లో అక్కడ ఒక పాత మారుతి జిప్సీ ఇంజన్‌ను మొత్తం విప్పి మళ్ళీ బిగిస్తుంటే నేను నాలుగు రోజులు చూసిన. మేస్త్రి నేను అడిగిన ప్రతి ప్రశ్నకు జవాబు చెప్పిండు. నోట్‌బుక్కుల రాసుకున్నది ఇక్కడ పాఠం లెక్క రాస్తున్న.

1. ఏ ఇంజన్?

జిప్సీ బండిని మారుతి కంపెనీ హర్యానాలోని గుర్గావ్‌లో తయారుచేసింది. 1985లో మొదటి జిప్సీ వచ్చింది. దాని ఇంజన్ 970 సి.సి. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌కు 1298 సి.సి. ఇంజన్ పెట్టిండ్రు. ఇది జపాన్‌లోని సుజుకి కంపెనీ రూపకల్పన. పోలీసులు, సైన్యం, అటవీశాఖ వాళ్ళు దేశమంతటా ఈ బండి వాడిండ్రు. ఇప్పుడు మామూలు జనానికి కొత్త జిప్సీ దొరకదు, కాని పాతవి ఇంకా నడుస్తున్నయి. ఈ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటయి. క్యామ్‌షాఫ్ట్ తల మీద ఉంటది. అందుకే దీన్ని ఓవర్‌హెడ్ క్యామ్‌షాఫ్ట్ ఇంజన్ అంటరు. ఆ మాట అర్థం ముందుకు పోతే తెలుస్తది.

2. బ్లాకు

ఇంజన్‌ల అన్నిటికన్నా పెద్ద ముక్క బ్లాకు. మన ఇంటికి గోడలు ఎట్లనో ఇంజన్‌కు బ్లాకు అట్ల. అందుల నాలుగు గుండ్రటి బొక్కలు ఉంటయి. అవే సిలిండర్లు. వాటి వెడల్పును బోరు అంటరు. ఈ ఇంజన్ బ్లాకు అల్యూమినియంది, అందుకే తేలిక. కాని అల్యూమినియం మెత్తన, తొందరగ అరిగిపోతది. కాబట్టి సిలిండర్ లోపలి గోడకు పోత ఇనుము గొట్టాలు కూర్చుతరు. వాటిని లైనర్లు అంటరు. సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరగడానికి ఖాళీ దారులు ఉంటయి.

ఇప్పుడు మన గణితం తీయండి. స్తూపం ఘనపరిమాణం మనం చదివినం: π × వ్యాసార్ధం × వ్యాసార్ధం × ఎత్తు. ఈ ఇంజన్ బోరు 74 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధం 3.7 సెంటీమీటర్లు. పిస్టన్ పై నుంచి కిందికి పోయే దూరం 75.5 మిల్లీమీటర్లు, అంటే 7.55 సెంటీమీటర్లు.

3.14 × 3.7 × 3.7 × 7.55 = సుమారు 324.5 ఘన సెంటీమీటర్లు.

ఇది ఒక్క సిలిండర్. నాలుగింటికి 324.5 × 4 = 1298.

బండి కాగితం మీద 1298 సి.సి. అని ఎందుకు రాస్తరో ఇప్పుడు తెలిసింది కదా! సి.సి. అంటే ఘన సెంటీమీటరే. ఈ లెక్క నేను షెడ్డులనే చాక్‌పీసుతోటి నేల మీద చేసిన. అప్పటిదాక ఆ సూత్రం పరీక్ష కోసమే అనుకున్న.

3. పిస్టన్, రింగులు, కన్‌రాడ్, క్రాంకు

హోలీ పండుగకు పిచికారీ కొడతం కదా. గొట్టంల ఒక కడ్డీ ముందుకు, వెనుకకు పోతది. పిస్టన్ అట్లాంటిదే. మూత పెట్టిన గ్లాసును తలకిందులు చేసినట్టు ఉంటది. పిస్టన్ అంచుకు మూడు గాడులు, వాటిల రింగులు ఉంటయి. పై రెండు రింగులు మంట గాలి కిందికి పోకుండ ఆపుతయి. మూడోది గోడ మీది నూనెను గీకి కిందికి పంపుతది. రింగులు అరిగితే నూనె పైకి పోయి కాలుతది. పొగగొట్టంల నుంచి నీలం పొగ వచ్చే బండ్లను మీరు చూసే ఉంటరు. రింగులో, బోరో అరగడం దానికి పెద్ద కారణం.

పిస్టన్ కింద కనెక్టింగ్ రాడ్ ఉంటది. షెడ్డుల దాన్ని కన్‌రాడ్ అంటరు. దాని కింది కొస క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకుంటది. పిస్టన్‌కు పైకి, కిందికి పోవుడు ఒక్కటే తెలుసు. చక్రానికి గుండ్రంగ తిరుగుడు కావాలె. దీన్ని దానిగ మార్చేది క్రాంకు. సైకిల్ తొక్కేటప్పుడు మీ మోకాళ్ళు చూసుకోండి. మోకాలు పైకి కిందికి పోతది, పెడలు గుండ్రంగ తిరుగుతది. మోకాలు పిస్టన్ అనుకుంటే, కింది కాలు కన్‌రాడ్, పెడల్ రాడ్డు క్రాంకు. మన ఇంజన్‌కు ఇట్ల నాలుగు మోకాళ్ళు. మొదటిది, నాలుగోది ఒక్కసారే పైకి వస్తయి. అప్పుడు రెండోది, మూడోది కింద ఉంటయి.

క్రాంకు అయిదు చోట్ల బ్లాకుకు ఆనుకొని తిరుగుతది. ఆ చోట్ల బేరింగు షెల్లులు ఉంటయి. అవి అరచంద్రుడి లెక్క వంగిన పలుచటి రేకులు. క్రాంకు నిజానికి ఆ రేకు మీద కాదు, మధ్యల ఉన్న నూనె పొర మీద తేలుతూ తిరుగుతది. నూనె ఎండితే షెల్లు కాలి క్రాంకు పట్టేస్తది.

క్రాంకు వెనుక కొసకు బరువైన ఫ్లైవీల్ ఉంటది. తిరగలి పై రాయి ఒకసారి తిప్పితే చెయ్యి తీసినా కొంచెంసేపు తిరుగుతది కదా, అట్ల ఇది కూడ ఒక మంటకు, ఇంకొక మంటకు మధ్యల తిరుగుడు ఆగకుండ చూస్తది.

4. ఒక్కొక్క సిలిండర్‌కు నాలుగు పనులు

ఈ పద్ధతిలో నడిచే ఇంజన్‌ను జర్మనీ దేశంలో నికొలస్ ఆటో 1876లో నడిపి చూపించిండు. ఇప్పటికీ పెట్రోలు కార్లన్నీ దాదాపు అదే పద్ధతి. నాలుగు పనులను నేను ఇట్ల గుర్తుపెట్టుకున్న: పీల్చు, ఒత్తు, మండు, వదులు.

పీల్చు – పిస్టన్ కిందికి పోతది. లోపలి వాల్వు తెరుచుకుంటది. పెట్రోలు ఆవిరి కలిసిన గాలి లోపలికి వస్తది.

ఒత్తు – రెండు వాల్వులు మూసుకుంటయి. పిస్టన్ పైకి వచ్చి ఆ గాలిని సుమారు తొమ్మిదో వంతు జాగాలకు కుక్కుతది. సైకిల్ పంపు గట్టిగ కొడితే పంపు కొస వేడెక్కుతది కదా. ఒత్తితే గాలి వేడెక్కుతది.

మండు – సరిగ్గా ఆ సమయానికి ప్లగ్గు నిప్పురవ్వ వేస్తది. మంట గాలి ఉబ్బి పిస్టన్‌ను కిందికి గట్టిగ తోస్తది. నాలుగు పనులల్ల బలం వచ్చేది ఇది ఒక్కటే.

వదులు – బయటి వాల్వు తెరుచుకుంటది. పిస్టన్ పైకి వచ్చి పొగను బయటికి నూకుతది.

ఈ నాలుగు పనులకు క్రాంకు రెండు చుట్లు తిరుగుతది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్ళీ అవసరం వస్తది.

5. నలుగురి వంతు

ఒక్క సిలిండర్ అయితే రెండు చుట్లకు ఒక్కసారే బలం వస్తది. అందుకే ఒక్క సిలిండర్ ఆయిలింజన్ టక్, టక్, టక్ అని ఎగురుతుంటది. నాలుగు సిలిండర్లు వంతులు వేసుకుంటే ప్రతి అర చుట్టుకు ఒక దెబ్బ పడతది. అప్పుడు బండి నున్నగ నడుస్తది. మన మెస్సుల వడ్డించే డ్యూటీ అందరికీ ఒక్కరోజే వేస్తే ఎట్లుంటది? మిగతా రోజులు ఎవరు వడ్డించాలె? ఇది కూడ అంతే.

వంతుల వరుస 1, 3, 4, 2. మొదటి సిలిండర్ మండుతుంటే మూడోది ఒత్తుతుంటది, నాలుగోది పీలుస్తుంటది, రెండోది పొగ వదులుతుంటది. అర చుట్టు అయినంక మూడోది మండుతది, తర్వాత నాలుగోది, తర్వాత రెండోది, మళ్ళీ మొదటిది.

వరుసగ 1, 2, 3, 4 ఎందుకు కాదు అని నేను అడిగిన. మేస్త్రి క్రాంకును చేతుల పెట్టి చూడమన్నడు. రెండోది, మూడోది ఒకే ఎత్తున ఉన్నయి. అంటే రెండోది మండిన అర చుట్టుకు మూడోది పైన ఉండదు, కింద ఉంటది. కింద ఉన్న పిస్టన్‌కు నిప్పు పెడితే ఏం తోస్తది? కాబట్టి మధ్యల నాలుగోదో, ఒకటోదో రావాల్సిందే. పుస్తకంల బట్టీ పట్టే అంకెలు కావు అవి. క్రాంకు ఆకారం నుంచి వచ్చినయి.

ఇంకొక లెక్క. క్రాంకు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు 50 చుట్లు. చుట్టుకు రెండు మంటలు, కాబట్టి సెకనుకు 100 మంటలు. మనం ఒక్కసారి కన్ను మూసి తెరిచేలోపు ఎన్ని అయిపోతయో చూడండి!

6. తల, వాల్వులు, క్యామ్‌షాఫ్ట్

బ్లాకు మీద పెట్టే మూతను హెడ్డు అంటరు, అంటే తల. ఇది కూడ అల్యూమినియందే. హెడ్డుకు, బ్లాకుకు మధ్యల హెడ్ గ్యాస్కెట్ పెడతరు. కుక్కర్ మూతకు రబ్బరు ఎట్లనో ఇది అట్ల. కాని దీనికి పని ఎక్కువ. ఒకేసారి మంటను, నీళ్ళను, నూనెను ఒకదాంట్ల ఒకటి కలవకుండ ఆపాలె.

షెడ్డుకు వచ్చిన ఇంజన్‌కు ఎనిమిది వాల్వులు ఉన్నయి. సిలిండర్‌కు రెండు, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. వాల్వు కుక్కగొడుగు లెక్క ఉంటది, పొడుగు కాడ, కింద వెడల్పు తల. గట్టి స్ప్రింగు దాన్ని ఎప్పుడూ మూసి పట్టుకుంటది. తెరవాలంటే ఎవరో ఒకరు నొక్కాలె. నొక్కేదే క్యామ్‌షాఫ్ట్.

క్యామ్‌షాఫ్ట్ ఒక పొడుగు కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారం గుబ్బలు ఉంటయి. కడ్డీ తిరిగినప్పుడు గుబ్బ ముక్కు వచ్చి రాకర్ అనే చిన్న తక్కెడ కాడను లేపుతది. రాకర్ రెండో కొస వాల్వును నొక్కుతది. ముక్కు దాటిపోగానే స్ప్రింగు మళ్ళీ మూసేస్తది. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలె, ఎంతసేపు తెరవాలె అన్నదంతా ఆ గుబ్బల ఆకారంలనే రాసి ఉన్నది. మన బడి గంట కొట్టే అన్న లెక్క, ఆ కడ్డీ చెప్తేనే అందరూ లేస్తరు, కూర్చుంటరు.

ఇప్పుడు ఓవర్‌హెడ్ సంగతి. పాత అంబాసిడర్ కారు తెలుసు కదా, ఒకప్పుడు పెద్ద ఆఫీసర్లు అందుల వచ్చేవారు. అది పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైంది. చాలా ఏండ్లు దాంట్ల పెట్టిన 1489 సి.సి. ఇంజన్‌ల క్యామ్‌షాఫ్ట్ కింద, బ్లాకు పక్కన ఉండేది. కింద గుబ్బ లేస్తే పొడుగు పుల్లలు పైకి పోయి రాకర్‌ను తోసేటివి. పొయ్యి దగ్గర కూర్చొని పొడుగు కట్టెతోటి అటక మీది డబ్బాను జరిపినట్టు. నిదానంగ పోయినంతసేపు బాగనే ఉంటది. చుట్లు పెరిగితే ఆ పుల్లల బరువు అడ్డం వస్తది, స్ప్రింగు వాటిని సమయానికి వెనుకకు తేలేదు. అటక దగ్గరికే పోయి చేతితోటి జరిపితే అయిపోయె! క్యామ్‌షాఫ్ట్‌ను తల మీదికే ఎక్కిస్తే పుల్లల పని లేదు. ఇదే ఓవర్‌హెడ్ క్యామ్‌షాఫ్ట్. మన దేశంల 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు కూడ ఇదే ఏర్పాటు, కాకపోతే దానికి మూడే సిలిండర్లు, 796 సి.సి.

7. టైమింగ్ బెల్టు – దీన్ని అశ్రద్ధ చేయకండి

క్యామ్‌షాఫ్ట్ తల మీదికి పోయింది సరే. కింద ఉన్న క్రాంకు దాన్ని ఎట్ల తిప్పాలె? అందుకు పళ్ళున్న రబ్బరు బెల్టు ఉంటది. దాని పేరు టైమింగ్ బెల్టు. కొన్ని ఇంజన్లకు బెల్టు బదులు గొలుసు ఉంటది.

పైన గుర్తుంచుకోమన్న మాట ఇప్పుడు తీయండి. నాలుగు పనులకు క్రాంకు రెండు చుట్లు. కాని ఆ రెండు చుట్లల్ల ఒక్కొక్క వాల్వు ఒక్కసారే తెరవాలె. అంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరగాలె. అందుకే పై చక్రానికి కింది చక్రం కన్నా రెండింతలు పళ్ళు. కింద 20 ఉంటే పైన 40.

ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్ల వడ్లు దంచేది మీరు చూసిండ్రు. ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది దిగాలె. లెక్క తప్పితే రోకళ్ళు ఢీకొంటయి. పిస్టన్, వాల్వు కూడ ఒకే రోట్ల రెండు రోకళ్ళు. బెల్టు ఒక్క పన్ను జారినా ఇంజన్ బలం తగ్గుతది. బెల్టు తెగితే క్యామ్‌షాఫ్ట్ ఎక్కడిదక్కడ ఆగుతది. కొన్ని ఇంజన్లల్ల పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును గుద్ది వంచేస్తది. కొన్నిట్ల గుద్దుకోనంత ఎడం ఉంటది, ఇంజన్ ఆగిపోతది అంతే.

అంతే అని రాసిన కాని, అది చిన్న సంగతి కాదు. పోయిన వానకాలం మా వదినకు రాత్రిపూట నొప్పులు మొదలైనయి. మా ఊరి దగ్గర ఫోన్ సిగ్నల్ అందదు. ఒక కిరాయి బండి మాట్లాడి ములుగు బయలుదేరినం. తాడ్వాయి దాటినంక అడవిల బండి ఒక్కసారి ఆగిపోయింది. డ్రైవర్ తాళం చెవి తిప్పుతుంటే స్టార్టర్ గిర్రున తిరిగింది గాని ఇంజన్ పట్టుకోలేదు. ఆ శబ్దం ఎప్పటి లెక్క లేదు, చాలా తేలికగ ఉంది. వానల గంటన్నర కూర్చున్నం. అమ్మ తన కొంగుతోటి వదినను కప్పింది. తర్వాత ఒక ట్రాలీ ఆటో వస్తే అందుల దవాఖానకు పోయినం. పాప పుట్టింది, ఇద్దరూ బతికిండ్రు. ఆ బండి బెల్టు మార్చే కిలోమీటర్లు ఎప్పుడో దాటిపోయినయని తర్వాత తెలిసింది.

ఆ శబ్దం ఎందుకు తేలికగ ఉందో ఈ దసరాకు షెడ్డుల అర్థమైంది. కొన్ని వాల్వులు తెరిచే ఉండిపోతే పిస్టన్ దేన్నీ ఒత్తదు. ఒత్తుడు లేకపోతే స్టార్టర్‌కు బరువు తగలదు, గిర్రున తిరుగుతది. కాబట్టి స్నేహితురాళ్ళారా, నడుస్తున్న బండి టక్కున ఆగి, స్టార్టర్ తేలికగ తిరుగుతుంటే మళ్ళీ మళ్ళీ తాళం తిప్పనీయకండి. వాల్వులు వంగకపోతే వంగే ప్రమాదం ఉన్నది. అక్కడ టైం పోగొట్టుకోకుండ వేరే బండి కోసం మనిషిని పంపాలె. చాలా కంపెనీలు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్యల బెల్టు మార్చమని చెప్తయి. ఏ బండికి ఎంతో దాని పుస్తకంల ఉంటది. బెల్టు పగుళ్ళు పట్టినా, దాని మీద నూనె పడినా అప్పటిదాక ఆగొద్దు. కిరాయికి బండి పెట్టుకున్నోళ్ళు మీ ఇండ్లల్ల ఉంటే ఈ పేరా చదివి చెప్పండి.

8. బిగించే వరుస

విప్పుడు ఒక రోజు పని, బిగించుడు మూడు రోజులు. నేను చూసిన వరుస ఇది.

మొదలు బ్లాకును కడిగి ఆరబెట్టిండ్రు. నూనె పోయే దారులల్ల గాలి కొట్టిండ్రు. ఒక చిన్న ఇసుక రేణువు మిగిలినా బేరింగు గీసుకపోతది. తర్వాత బోరు కొలిచిండ్రు. పైన, మధ్యల, కింద కొలవాలె, ఎందుకంటే అరుగుడు అంతటా ఒక్కతీరు ఉండదు.

బేరింగు షెల్లులు పెట్టి, నూనె పూసి, క్రాంకును పండబెట్టిండ్రు. మీద టోపీలు పెట్టి బోల్టులు బిగించిండ్రు. ఒక్కొక్క టోపీ బిగించినంక క్రాంకును చేతితోటి తిప్పి చూస్తరు. తిరగకపోతే అక్కడ్నే తప్పు దొరుకుతది. అన్నీ బిగించినంక చూస్తే ఎక్కడ తప్పో తెలియదు.

పిస్టన్లకు రింగులు ఎక్కించిండ్రు. రింగుకు ఒక చోట కోత ఉంటది. మూడు రింగుల కోతలు ఒకే గీత మీదికి రావొద్దు, వస్తే గాలికి దారి దొరుకుతది. రేకు పట్టీతోటి రింగులను బిగబట్టి పిస్టన్‌ను పై నుంచి సిలిండర్లకు దింపి, కింద కన్‌రాడ్ టోపీ బిగించిండ్రు. ఏ టోపీ ఏ రాడ్డుదో దానికే పెట్టాలె. అందుకే విప్పేటప్పుడే అంకెలు వేసుకుంటరు. తర్వాత నూనె పంపు, కింద నూనె నిలిచే చాంబర్.

హెడ్డు పని వేరే బల్ల మీద జరిగింది. వాల్వులకు పేస్టు పూసి వాటి పీటల మీద అటూ ఇటూ తిప్పి అరగదీసిండ్రు. తిరగబెట్టి పెట్రోలు పోస్తే ఒక్క చుక్క కారొద్దు. ఆ పని నాకు ఇచ్చిండ్రు. నాలుగోసారికి ఎనిమిది వాల్వులూ కారలేదు.

గ్యాస్కెట్ పెట్టి హెడ్డు దించినంక బోల్టులను మధ్యల నుంచి మొదలుపెట్టి బయటి దిక్కుకు, మూడు దఫాలుగ బిగించిండ్రు. ఒక కొస నుంచి బిగిస్తే రెండో కొస లేస్తది, హెడ్డు వంకర పోతది. ఎంత బిగువు కావాలో టార్కు పానా చెప్తది. మేస్త్రి చెయ్యి ఎంత గట్టిదైనా ఈ బోల్టులకు మాత్రం ఆ పానాను నమ్ముతడు.

తర్వాత క్రాంకు గుర్తును, క్యామ్‌షాఫ్ట్ గుర్తును బ్లాకు మీది గీతలకు కలిపి బెల్టు ఎక్కించిండ్రు. చేతితోటి రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిసినయా అని చూసిండ్రు. తొందరపడి స్టార్టర్ కొట్టరు. కడకు రాకర్‌కు, వాల్వుకు మధ్యల సందు సరిచేసిండ్రు. చాలా ఇంజన్లకు ఈ సందు మిల్లీమీటరుల అయిదో వంతు, నాలుగో వంతు. ఫీలర్ గేజి అనే పలుచటి రేకును దూర్చి చూస్తరు. సందు ఎక్కువైతే టక టక శబ్దం. అసలే లేకపోతే వాల్వు వేడికి సాగి పూర్తిగ మూసుకోదు, దాని తల కాలిపోతది.

9. వేడి ఎక్కడికి పోతది?

సిలిండర్ల మంట 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతది. మరి పిస్టన్ ఎందుకు కరగదు? మంట ఒక్క క్షణమే ఉంటది, వెంటనే చల్లటి గాలి వస్తది. పిస్టన్‌కు తగిలిన వేడి రింగుల ద్వారా గోడకు, గోడ నుంచి నీళ్ళకు, నీళ్ళ నుంచి రేడియేటర్ గాలికి పోతది. పెట్రోలుల ఉన్న శక్తిల చక్రాల దాక చేరేది సుమారు నాలుగో వంతే. మిగిలింది నీళ్ళ వేడి, పొగ వేడి కింద పోతది. అందుకే నీళ్ళు తగ్గిన బండిని నడిపితే హెడ్డు వంగుతది, గ్యాస్కెట్ కాలుతది. వేడెక్కిన బండి రేడియేటర్ మూతను మాత్రం వెంటనే తీయొద్దు. మరిగే నీళ్ళు ముఖం మీదికి ఎగురుతయి.

10. ఇప్పటి ఇంజన్లు

తర్వాత వచ్చిన జిప్సీ ఇంజన్‌కు సిలిండర్‌కు నాలుగు లెక్కన 16 వాల్వులు, కార్బరేటర్ బదులు పెట్రోలును పిచికారీ కొట్టే ఇంజెక్టర్లు వచ్చినయి. ఇప్పటి చాలా కార్లకు హెడ్డు మీద రెండు క్యామ్‌షాఫ్ట్‌లు ఉంటయి, లోపలి వాల్వులకు ఒకటి, బయటి వాల్వులకు ఒకటి. ఇది అసలు కొత్తది కాదు. ఫ్రాన్సులో పెజో కంపెనీ 1912లోనే పందెం కారుకు ఇట్ల చేసింది. కరెంటు బండ్లల్ల పిస్టన్, వాల్వు, బెల్టు ఏమీ ఉండవు. కాని మన ఊర్లకు వచ్చే బండ్లల్ల చాలావరకు ఇంకా ఇంజన్ బండ్లే. వాటిని బాగుచేసేటోళ్ళు చాన ఏండ్లు కావాలె.

11. ఆడపిల్లలకు ఎందుకు?

నేను ఈ వ్యాసం రాస్తున్న అంటే కొందరు నవ్విండ్రు. మా నాన్న కూడ ముందు, ఈ నూనె పని నీకెందుకు బిడ్డా అన్నడు. మా ఇంట్ల బడికి పోయినదాన్ని నేనే మొదలు. నాన్న నాకు మంచి కోరే అన్నడని తెలుసు. నేను నాన్నకు ఇట్ల చెప్పిన: ఆ రాత్రి బండిల వదిన, అమ్మ, నేను ముగ్గురం ఆడవాళ్ళం ఉన్నం. బెల్టు తెగినప్పుడు ఆడవాళ్ళు, మగవాళ్ళు అని చూడలేదు కదా. నాన్న ఏమీ అనలేదు. తెల్లారి మామతోటి, దీన్ని జాగ్రత్తగ చూసుకో, వేలు నలగనీయకు అన్నడు.

పదో తరగతి పాసైతే ఐటీఐల మోటారు వెహికల్ మెకానిక్ అనే ట్రేడ్ ఉన్నది, రెండేండ్లు. పాలీసెట్ రాస్తే పాలిటెక్నిక్‌ల మెకానికల్ డిప్లొమా చదవొచ్చు. ఇంకా పైకి పోవాలనుకుంటే ఇంజనీరింగ్. 1959లో మొదలైన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే 2002 నుంచి ఎన్.ఐ.టి. అయింది, మన వరంగల్‌లనే ఉన్నది. వాటిల్ల ఆడపిల్లలు చేరొద్దని ఎక్కడా లేదు. వార్డెన్ మేడంకు నా మనవి: వచ్చే సెలవులకు ముందు పదో తరగతి అక్కలను ఒక్క రోజు ఐటీఐకి తీసుకుపోయి చూపిస్తే బాగుంటది. మన హాస్టల్ నీళ్ళ మోటారు ఆగినప్పుడు కూడ మనమే మూత తీసి చూసే రోజు రావాలె.

మీకు ప్రశ్నలు

అ) ఒక ఇంజన్ బోరు 65.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పోయే దూరం 72 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు. ఎన్ని సి.సి.? (జవాబు ఈ వ్యాసంలనే ఒక చోట ఉన్నది.)

ఆ) నాలుగో సిలిండర్ మండుతున్నప్పుడు ఒకటోది ఏం చేస్తుంటది?

ఇ) క్రాంకు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు సెకనుకు ఎన్నిసార్లు తెరుచుకుంటది?

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి గోడపత్రిక కింద ఉన్న డబ్బాల వేయండి. ఎట్ల చేసిండ్రో కూడ రాయాలె, ఒట్టి అంకె వద్దు. సరిగ్గా చేసినోళ్ళ పేర్లు వచ్చే సంచికల రాస్త. సందేహం ఉంటే రాత్రి స్టడీ అవర్ అయినంక నన్ను అడగండి. నాకు తెలియనిది అయితే సంక్రాంతికి మేస్త్రిని అడిగి వస్త.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని